సరిహద్దు దాటని సొమ్ము

(పీటూపీ అప్పుల సంస్థల విదేశీ విస్తరణపై విశాఖపట్నంలో చేసిన ప్రసంగ పాఠం)

సభాసదులందరికీ నమస్కారం.

విశాఖలో మొదలై విదేశాలకు విస్తరించిన ఒక పీటూపీ (పీర్ టు పీర్, అంటే మనిషికి మనిషి అప్పు ఇచ్చేలా కుదిర్చే) అప్పుల సంస్థలో ఉద్యోగ జీవితం ఎలా ఉంటుందో చెప్పమని నిర్వాహకులు నన్ను కోరారు. ఋషికొండ ఐటీ సెజ్ పరిసరాల్లో ఉన్న అటువంటి సంస్థలో నేను మొదట అప్పుల మంజూరు విభాగంలోనూ, తరువాత వసూళ్ల విభాగంలోనూ పనిచేశాను. 2016లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఫిన్‌టెక్ వ్యాలీ పేరుతో మన ఊరికి ఆర్థిక సాంకేతిక సంస్థలను ఆహ్వానించినప్పుడు, ఆ ఉత్సాహంలో హైదరాబాదు ఉద్యోగం వదులుకుని సొంత ఊరికి తిరిగివచ్చిన వారిలో నేనూ ఒకణ్ని. సంస్థ పేరు మాత్రం చెప్పను. అందులో నా మిత్రులు ఇంకా పనిచేస్తున్నారు, పైగా నేను చెప్పబోయే ఇబ్బందులు ఈ రంగంలో చాలా సంస్థలకు ఎదురైనవే.

అప్పు ఇవ్వడం, పుచ్చుకోవడం మన ప్రాంతానికి కొత్త సంగతి కాదు. రెవెన్యూ స్టాంపు అంటించిన ప్రామిసరీ నోటు, నూటికి రెండు రూపాయల వడ్డీ, మధ్యలో పరిచయస్తుడైన ఒక పెద్దమనిషి, మూడేళ్లలోగా చెల్లు వేయించుకోకపోతే నోటుకు కాలదోషం పడుతుందన్న భయం, ఇవన్నీ ఇక్కడ కూర్చున్న పెద్దలకు నాకన్నా బాగా తెలుసు. పీర్ టు పీర్ లెండింగ్ అనే వ్యాపారం ఆ పెద్దమనిషి స్థానంలో ఒక వెబ్‌సైటును, దాని వెనుక ఒక లెక్కల పద్ధతిని నిలబెట్టి, ఒకరినొకరు ఎన్నడూ చూడని వారి మధ్య అప్పు కుదురుస్తుంది. ఇంగ్లండులో జోపా అనే సంస్థ 2005లో దీనికి శ్రీకారం చుట్టింది. మన దేశంలో రిజర్వు బ్యాంకు 2017 అక్టోబరు 4న దీనికి ప్రత్యేక నిబంధనలు తెచ్చి, ఈ సంస్థలను ఎన్‌బీఎఫ్‌సీలలో, అంటే బ్యాంకింగేతర ఆర్థిక సంస్థలలో, ఒక తరగతిగా గుర్తించింది. ఒక వ్యక్తి ఇటువంటి వెబ్‌సైట్లు, అంటే వేదికలు, అన్నిటి మీద కలిపి తీసుకోగల అప్పు 10 లక్షల రూపాయలు. ఒక మదుపరి ఒకే రుణగ్రహీతకు ఇవ్వగలిగేది 50 వేలు. అప్పు గడువు 36 నెలలు మించరాదు. మదుపరి అన్ని వేదికల మీద కలిపి పెట్టగల మొత్తాన్ని మొదట 10 లక్షలుగా నిర్ణయించి, 2019 డిసెంబరులో 50 లక్షలకు పెంచారు.

ఈ అంకెల కన్నా ముఖ్యమైనవి నిషేధాలు. వేదిక నడిపే సంస్థ తన సొంత సొమ్ము అప్పు ఇవ్వకూడదు, డిపాజిట్లు తీసుకోకూడదు, ఎవరి అప్పుకూ హామీ ఉండకూడదు. మదుపరుల సొమ్ముకు ఒకటి, రుణగ్రహీతలు కట్టే వాయిదాలకు ఒకటి చొప్పున రెండు ఎస్క్రో ఖాతాలు, అంటే సొమ్మును మూడో పక్షం అధీనంలో ఉంచే ఖాతాలు, ఉండాలి. వాటిని నడిపేది బ్యాంకు నెలకొల్పిన ట్రస్టీ తప్ప మేము కాదు. మా మదుపరుల్లో ఉక్కు కర్మాగారంలోనూ, పోర్టులోనూ, షిప్‌యార్డులోనూ పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు గణనీయంగా ఉండేవారు. వాయిదా ఒక్కరోజు ఆలస్యమైతే వారు రుణగ్రహీత గురించి అడిగేవారు కాదు, "మీరున్నారనే కదండీ ఇచ్చాం" అనేవారు. చట్టం ప్రకారం మేము లేము. ఆ మాట ఫోనులో మర్యాదగా, అబద్ధం లేకుండా, అవతలి మనిషి గుండె జారిపోకుండా చెప్పడం మా ఉద్యోగాల్లో అన్నిటికన్నా కష్టమైన పని. దానికి ఏ బిజినెస్ స్కూలులోనూ తరగతి ఉన్నట్టు నేను వినలేదు.

ఇప్పుడు విదేశీ విస్తరణ సంగతికి వస్తాను. అదే 2017 నిబంధనల్లో పాఠకులు ఎక్కువగా పట్టించుకోని ఒక వాక్యం ఉంది: వేదిక మీద సొమ్ము దేశపు సరిహద్దు దాటి ప్రవహించకూడదు. అంటే కూర్మన్నపాలెంలో ఉన్న మదుపరి జకార్తాలోని చిరువ్యాపారికి అప్పు ఇవ్వడం మా ద్వారా జరగదు, జరగకూడదు. చాలామంది, మా సంస్థలోకి కొత్తగా వచ్చిన ఉద్యోగులతో సహా, విదేశీ విస్తరణ అనగానే ఇక్కడి డబ్బు అక్కడికి, అక్కడి వడ్డీ ఇక్కడికి రావడమే అనుకుంటారు. నిజానికి ప్రతి దేశంలోనూ అక్కడి చట్టం కింద వేరొక కంపెనీ, అక్కడి లైసెన్సు, అక్కడి మదుపరులు, అక్కడి రుణగ్రహీతలు, అక్కడి బ్యాంకు ఖాతాలు సమకూర్చుకోవాలి. దాటేది సాఫ్ట్‌వేరు, దాన్ని రాసినవారి అలవాట్లు మాత్రమే. ఆ అలవాట్లు సాఫ్ట్‌వేరు లోపల కనిపించకుండా ప్రయాణం చేస్తాయి కనుకనే చిక్కంతా వస్తుంది.

పెట్టుబడి తీసుకువెళ్లడం కూడా అనుకున్నంత సులభం కాదు. 2022 ఆగస్టులో వచ్చిన విదేశీ పెట్టుబడుల నిబంధనల ప్రకారం భారతీయ కంపెనీ విదేశంలోని ఆర్థిక సేవల కంపెనీలో నేరుగా పెట్టుబడి పెట్టాలంటే అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో నికర లాభం చూపించి ఉండాలి. అంకుర సంస్థలు మూడేళ్లు వరుసగా లాభం చూపించడమన్నది, చూపించినవారికి దండం పెట్టవలసిన విషయం. అందుకే చాలామంది వ్యవస్థాపకులు సింగపూరులో మాతృసంస్థను పెట్టి, దాని కింద ఇక్కడొక కంపెనీ, అక్కడొక కంపెనీ ఉండేలా ఏర్పాటు చేసుకుంటారు. ఉద్యోగికి దీని ప్రభావం వెంటనే తెలియదు. నియామక పత్రం మీద కంపెనీ పేరు మారుతుంది, వాటాల ఒప్పందం వేరే దేశపు చట్టం కిందికి పోతుంది, పన్ను లెక్క చూసే ఆడిటరు ముఖం చిట్లిస్తాడు.

మా వాళ్లు ఇండోనేషియాను ఎంచుకున్నారు. జనాభా ఎక్కువ, ఫోన్లు ఎక్కువ, బ్యాంకు అప్పు దొరికేవారు తక్కువ అన్నది అప్పట్లో పెట్టుబడిదారులకు చూపించే ప్రతి ప్రదర్శనలోనూ మొదటి పేజీ. అక్కడి ఆర్థిక సేవల నియంత్రణ సంస్థ ఓజేకే 2016లోనే ఈ రంగానికి నిబంధనలు తెచ్చింది. విదేశీయుల వాటా 85 శాతానికి మించకూడదని, సమాచార కేంద్రాలు ఆ దేశంలోనే ఉండాలని షరతులు పెట్టింది. 2020 ఫిబ్రవరి నుంచి కొత్త లైసెన్సుల దరఖాస్తులు తీసుకోవడం ఆపివేసింది. అప్పటికే లైసెన్సు ఉన్న స్థానిక సంస్థలో వాటా కొనడమొక్కటే దారి అయింది. కొన్నప్పుడు లైసెన్సుతో పాటు పాత బాకీలు, పాత ఉద్యోగులు, వారి పాత అలవాట్లు కూడా మన పాలికి వస్తాయి.

సమాచారం ఆ దేశం దాటకూడదన్న షరతు మా ఇంజినీర్ల రోజును ఎలా మార్చిందో ఒక్క మాటలో చెబుతాను. ఇక్కడ ఏదైనా అప్పు లెక్క తేడా వస్తే, అనుమతి ఉన్న ఇంజినీరు ఆ ఖాతా తెరిచి పది నిమిషాల్లో కారణం చెప్పేవాడు. అక్కడి ఖాతాలో పేరు, గుర్తింపు సంఖ్య, ఫోను నంబరు అన్నీ మూసి ఉంచిన నమూనా మాత్రమే విశాఖలో కనిపిస్తుంది. అసలు ఖాతా తెరవగలిగేది జకార్తాలో ఉన్న వ్యక్తి. ఆయన చూసి చెప్పాలి, మనం ఊహించాలి, మళ్లీ ఆయన చూడాలి. కొందరు కుర్రవాళ్లు దీన్ని నమ్మకం లేకపోవడంగా భావించి నొచ్చుకునేవారు. నాకైతే ఆ షరతు సబబుగానే తోచింది. మన ప్రజల ఆధార్ వివరాలు వేరే దేశపు కొండ మీద ఎవరో తెరిచి చూస్తుంటే మనం ఊరుకుంటామా?

ఇక సాఫ్ట్‌వేరుతో ప్రయాణం చేసిన అలవాట్ల గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉంది. మా దరఖాస్తులో ఇంటిపేరు తప్పనిసరి గడి. తెలుగువాళ్లు రాసిన ప్రోగ్రాము కదా, ఇంటిపేరు లేని మనిషి ఉంటాడని ఎవరికీ తట్టలేదు. ఇండోనేషియాలో, ముఖ్యంగా జావాలో, ఒకే ఒక్క పేరుతో జీవితమంతా గడిపేవారు ఎందరో ఉన్నారు. వారు ఆ గడిలో అదే పేరు రెండోసారి రాసేవారు, లేదా ఒక చుక్క పెట్టేవారు; గుర్తింపు కార్డుతో పోల్చిచూసినప్పుడు పేరు సరిపోలలేదని దరఖాస్తు తిరస్కరణకు గురయ్యేది. అంకెల సంగతి ఇంకో తలనొప్పి. అక్కడ వేలను విడదీయడానికి చుక్క, దశాంశానికి కామా వాడతారు. మనం లక్షలకు, కోట్లకు కామాలు పెడతాం. వాయిదా పట్టిక చూసిన స్థానిక ఉద్యోగి ఆ అంకెను ఎలా చదవాలో తెలియక మాకు ఫోను చేసేవాడు.

వీటన్నిటికన్నా లోతైనది వాయిదా తేదీ. మన దగ్గర జీతాలు సాధారణంగా నెల మొదట్లో పడతాయి కనుక అయిదో తేదీన వాయిదా పెడితే ఖాతాలో డబ్బు ఉంటుంది. అక్కడ చాలా కంపెనీలు 25వ తేదీ ప్రాంతంలో జీతం ఇస్తాయి. అయిదో తేదీ నాటికి ఇంటి అద్దె, సరుకులు, ఊరిలో ఉన్న అమ్మానాన్నలకు పంపవలసింది అన్నీ అయిపోయి ఉంటాయి. మన లెక్కల పద్ధతి ఆ మనిషిని ఎగవేసే స్వభావం ఉన్నవాడిగా గుర్తించి, తరువాతి అప్పుకు వడ్డీ పెంచేది. మనిషి మంచివాడే, తేదీ మంచిది కాదు. తేదీ మార్చాక అదే జనం సక్రమంగా కట్టడం మొదలుపెట్టారు.

పండగల విషయంలో మాకు పంచాంగం కూడా అవసరపడింది. మా వసూళ్ల అంచనా పద్ధతి ప్రతి నెలకూ ఒక స్వభావం ఉంటుందని నేర్చుకుంది. జనవరిలో సంక్రాంతి ఖర్చు, జూన్‌లో పిల్లల ఫీజులు, దసరా దీపావళి నాటికి మళ్లీ ఖర్చు. మన చాంద్రమానంలో అధిక మాసం ఉంది కనుక పండగలు ఎంత అటూ ఇటూ అయినా ఋతువు దాటిపోవు. హిజ్రీ క్యాలెండరులో ఆ సర్దుబాటు లేదు. రంజాన్ పండగ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. ఇండోనేషియాలో దానిని లెబరాన్ అంటారు. పండగకు కనీసం వారం రోజుల ముందే ఉద్యోగులకు బోనసు చెల్లించాలని అక్కడ చట్టం ఉంది. ఆ బోనసు వచ్చాక నగరం సగం ఖాళీ చేసి జనం సొంత ఊళ్లకు వెళతారు. బోనసు రాకముందు అప్పులకు గిరాకీ, వచ్చాక కొద్దిరోజులు వాయిదాల వసూలు, ప్రయాణం తరువాత నిశ్శబ్దం. మే నెలను నేర్చుకున్న యంత్రానికి మరుసటి ఏడాది ఆ పండగ ఏప్రిల్‌లో వస్తే ఏమీ అర్థం కాదు. ఈ సంగతి మా గణాంకాల బృందానికి చెప్పింది ఒక పెద్ద జీతపు సలహాదారుడు కాదు, జకార్తా కార్యాలయంలో వసూళ్ల ఫోన్లు చేసే ఒక అమ్మాయి.

వసూళ్లు అన్నాను కనుక అక్కడే కాసేపు ఆగుతాను. జకార్తా మనకన్నా గంటన్నర ముందుంటుంది. వారి ఉదయం ఎనిమిది మన ఆరున్నర. ఇక్కడి సహాయక బృందం ఆ సమయానికి కుర్చీల్లో ఉండాలంటే గాజువాక నుంచి కొండకు వచ్చే క్యాబు తెల్లవారకముందే బయలుదేరాలి. ఆ షిఫ్టు ఆడపిల్లలకు వేయవద్దని తల్లిదండ్రులు వచ్చి అడిగిన సందర్భాలు ఉన్నాయి. సాయంత్రం మాత్రం త్వరగా ముగిసేది. రాత్రి ఎనిమిది తరువాత బాకీ కోసం రుణగ్రహీతను సంప్రదించకూడదని అక్కడి నియమం, అంటే మన ఆరున్నర.

ఫోన్లు మాత్రం ఇక్కడి నుంచి చేయలేదు, చేయడం సాధ్యం కాదు. వసూలు పని భాషతో, వరసతో, గొంతుతో జరుగుతుంది. శ్రీకాకుళం వైపు మనిషితో "ఏటి బాబూ, ఈ నెల వాయిదా మర్చిపోనావా" అని అడగగలిగే ఉద్యోగికి వచ్చే జవాబు, లిఖితపూర్వక నోటీసుకు రాదు. అదే చనువు జకార్తాలో అక్కడివారికే సాధ్యం. మా పైవారిలో కొందరు ఖర్చు తగ్గుతుందని ఇక్కడే భాష నేర్పించి ఫోన్లు చేయిద్దామన్న ఆలోచన చేశారు. దాన్ని అడ్డుకున్నది మా వసూళ్ల అధిపతి. ఆయన 2010లో సూక్ష్మరుణ సంస్థల సంక్షోభాన్ని దగ్గర నుంచి చూసినవాడు. ఆ అక్టోబరులో మన రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, వారం వారం వసూళ్లు ఆపించి, వాయిదాలు నెలవారీగా, పంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ స్థలంలోనే తీసుకోవాలని నియమం పెట్టినప్పుడు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంస్థల వసూళ్లు కుప్పకూలాయి. వసూళ్లలో పద్ధతి తప్పితే ప్రభుత్వం ఒక్క కాగితంతో వ్యాపారం ఆపగలదని ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. పైగా 2020 నాటికి అక్రమ అప్పుల యాప్‌ల వేధింపులు ఇక్కడా అక్కడా వార్తల్లో నిండిపోయాయి. చైనాలో ఒకప్పుడు వేల సంఖ్యలో ఉన్న పీటూపీ వేదికలు 2020 నవంబరు నాటికి ఒక్కటీ మిగలకుండా మూతపడ్డాయి. అక్కడ ఈజుబావో అనే ఒక్క వేదికే సుమారు 9 లక్షల మంది మదుపరులను ముంచింది. తెలియని నంబరు నుంచి, తెలియని యాసలో ఫోను వస్తే జకార్తా మనిషి మమ్మల్ని ఏ కోవలో కలుపుతాడో ఊహించడం కష్టం కాదు.

ఈ రంగంలో మనకన్నా ముందు వెళ్లిన వారి అనుభవం పుస్తకాల్లో, పత్రికల్లో దొరుకుతూనే ఉంది, కానీ అంకుర సంస్థల్లో పాత కథలు చదివే తీరిక ఎవరికీ ఉండదు. జోపా 2007 డిసెంబరులో అమెరికాలో అడుగుపెట్టినప్పుడు అక్కడి చట్టానికి తగ్గట్టు రూపం మార్చుకోవలసి వచ్చింది; మదుపరి నేరుగా అప్పు ఇచ్చే బదులు పరపతి సంఘాల బీమా ఉన్న డిపాజిట్ పత్రం కొనేవాడు. పేరు అదే, వ్యాపారం వేరు. ఏడాది తిరగకుండా, 2008 అక్టోబరులో, ఆర్థిక సంక్షోభం నడుమ ఆ దేశం వదిలివచ్చింది. ఇటలీలో 2009లో అక్కడి కేంద్ర బ్యాంకు దాని అనుమతి రద్దు చేసింది. మదుపరుల సొమ్ము సంస్థ దగ్గర నిలవ ఉండటం డిపాజిట్ల సేకరణే అవుతుందన్నది వివాదం. మన దగ్గర రెండు ఎస్క్రో ఖాతాలు, బ్యాంకు ట్రస్టీ ఎందుకని విసుక్కునే కుర్రవాళ్లకు నేను ఇటలీ కథ చెప్పేవాణ్ని. బ్రిటన్‌లోనే పుట్టిన ఫండింగ్ సర్కిల్ 2013లో అమెరికాకు, 2015లో జెన్‌క్యాప్ అనే సంస్థను కొని జర్మనీ, స్పెయిన్, నెదర్లాండ్స్‌కు వెళ్లింది. 2024లో అమెరికా విభాగాన్ని అమ్మేసి బ్రిటన్‌కే పరిమితమైంది. జోపా స్వయంగా 2021లో పీటూపీ వ్యాపారం మూసి, పూర్తిగా బ్యాంకుగా మారింది. వీళ్లకు తెలివి తక్కువనో, డబ్బు తక్కువనో అనలేం. రుణగ్రహీత గుణం అంచనా వేయడం, కట్టనప్పుడు అడగడం, కోర్టుకు వెళితే ఎన్నాళ్లు పడుతుందో తెలిసి ఉండటం అనే మూడూ ఊరి సంగతులు. వాటిని దిగుమతి చేసుకోలేం.

ఆఫీసులో రెండు దేశాల మధ్య ఉద్యోగులు ఎలా ఉండేవారని అడుగుతారేమో. బాగానే ఉండేవారు, ఒకరి సెలవులు ఒకరికి తెలియనంతవరకు. భోగి నాడు విశాఖ కార్యాలయంలో కాపలాదారు తప్ప ఎవరూ లేని సమయంలో జకార్తాలో చెల్లింపులు నిలిచిపోవడం, లెబరాన్ వారంలో మేము అత్యవసరమని పంపిన సందేశాలకు జవాబు లేకపోవడం, రెండూ జరిగాయి. జీతాల తేడా, విదేశీ ప్రయాణాలకు ఎవరిని పంపాలన్న తగాదా, వాటాల మీద ఆశలు, వీటి గురించి చెప్పడానికి కొత్తగా ఏమీ లేదు. అన్ని అంకుర సంస్థల్లోనూ ఉన్నవే.

మదుపరుల వైపు తేడా మాత్రం చెప్పాలి. ఇక్కడ మా సొమ్ములో ఎక్కువ భాగం సాధారణ వ్యక్తులది. అక్కడ బ్యాంకులు, ఆర్థిక సంస్థలు పెద్ద మొత్తాలు పెట్టేవి. ప్రతి వేదికా తన మొదటి పేజీలో, వాయిదా తేదీ నుంచి 90 రోజుల లోపల ఎంత శాతం అప్పులు వసూలవుతున్నాయో ప్రకటించాలన్న నియమం ఓజేకేది. ఆ అంకె ఒక్కటి కాస్త తగ్గితే ఒక బ్యాంకు తన మొత్తం వాటా ఆపేసేది. విశాఖలో రిటైరైన పెద్దాయన ఫోను చేసి కోప్పడినా, మరుసటి నెల మళ్లీ పదివేలు పెట్టేవాడు. బ్యాంకు కోప్పడదు, మర్యాదగా వెళ్లిపోతుంది. ఏది మేలో వసూళ్ల విభాగంలో ఉన్నవారిని అడిగితే, పెద్దాయనే మేలంటారు.

2024 ఆగస్టు 16న రిజర్వు బ్యాంకు నిబంధనలను బిగించింది. కొన్ని వేదికలు పీటూపీని ఎప్పుడు కావాలంటే అప్పుడు సొమ్ము వెనక్కి తీసుకోగల మదుపు పథకంలా అమ్ముతూ వచ్చాయి. అది కుదరదని చెప్పింది. ఎస్క్రో ఖాతాలో సొమ్ము ఒక్కరోజు మించి నిలవ ఉండకూడదని, నష్టమంతా మదుపరిదేనని, మొండి బాకీలతో సహా మొత్తం పనితీరు నెలనెలా ప్రకటించాలని ఆదేశించింది. నా దృష్టిలో అది 2017లో చెప్పిందాన్నే, వినిపించుకోని వారికి గట్టిగా చెప్పడం. కానీ దాని వల్ల ఇక్కడి ఆదాయం తగ్గింది, ఇక్కడి ఆదాయం మీద నడిచే విదేశీ ఖర్చు ఒక్కసారిగా కళ్లకు కనిపించింది.

అప్పటినుంచి ఏర్పాటు మారింది. జకార్తా సంస్థలో పెద్ద వాటా అక్కడి భాగస్వాములు తీసుకున్నారు. అప్పు ఎవరికి ఇవ్వాలి, ఎలా వసూలు చేయాలి అన్న నిర్ణయాలన్నీ వారివే. ఋషికొండ కార్యాలయం సాఫ్ట్‌వేరును నిర్వహించి, దానికి నెలవారీ రుసుము తీసుకుంటుంది. తెల్లవారుజామున గాజువాక క్యాబు ఇంకా నడుస్తోంది, కానీ అందులో ఇప్పుడు వచ్చేది సాంకేతిక సహాయం చూసే కొద్దిమంది మాత్రమే. మా వసూళ్ల బృందం మళ్లీ శ్రీకాకుళం, విజయనగరం, అనకాపల్లి జిల్లాల అప్పుల పనికి తిరిగివచ్చింది.

విద్యార్థులు ఈ రంగంలో ఉద్యోగాల గురించి అడగదలచుకుంటే ఇప్పుడు అడగవచ్చు. మదుపరులుగా ఉన్న పెద్దలు తమ సొంత బాకీల గురించి అడగదలచుకుంటే మాత్రం, సభ ముగిశాక విడిగా మాట్లాడుకుందాం.